అవ్వ తట్టల గది

అవ్వ పోయిందన్న కబురు నాకు బస్సు కండక్టరు తెచ్చాడు. చింతామణి ఆడపిల్లల బడిలో రెండో తరగతి వాళ్ళకు ఎక్కాలు చెప్పిస్తున్నాను. అతను కిటికీ దగ్గరకు వచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, "టీచరమ్మా, ఊర్లో అవ్వ పొయినాదంటమ్మా, తెల్లార్తో" అన్నాడు. సరేనని తల ఊపి ఏడో ఎక్కం పూర్తి చేయించాను. ఏడు పదులు డెబ్భై అని పిల్లలు అరిచాక సెలవు చీటీ రాయడానికి కూర్చున్నాను.

సెలవు చీటీ పట్టుకుని వెళితే మా పెద్ద టీచరమ్మ కన్నడంలో అడిగారు, చనిపోయినావిడ మీకేమవుతుందని. అవ్వ అన్నాను. తల్లి తరపా, తండ్రి తరపా అన్నారు. రెండూ కాదన్నాను. ఆవిడ కళ్ళజోడు మీదుగా నన్నొకసారి చూసి, మంచావిడ గనుక మరేమీ అడక్కుండా సంతకం పెట్టారు. ఆ రోజు ఆవిడకు చెప్పలేకపోయిన జవాబు మీకు చెబుదామని కూర్చున్నాను. కాస్త పొడుగు జవాబే, ఓపిక పట్టండి.

నేను పుట్టింది రంగూన్‌లో. మా నాన్నది భీమునిపట్నం పక్కన సముద్రపు ఒడ్డు పల్లె. పదహారో ఏట ఓడెక్కి వెళ్ళి, రేవులో మూటలు మోసి, ఆ తర్వాత ఒక దొర దగ్గర మోటారు నడపడం, విప్పడం, బిగించడం నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక మా అమ్మనీ, వాళ్ళమ్మనీ అక్కడికే తీసుకుపోయాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు రేవు పనుల దగ్గర బర్మావాళ్ళకూ మనవాళ్ళకూ గొడవలు లేచి వీధుల్లోకి పాకాయి. నాలుగు రోజులు ఒక మేడ మీద బియ్యం బస్తాల వెనక దాక్కున్నాం. కింద నుంచి "మీ దేశం పొండి" అని అరిచేవాళ్ళు. వాళ్ళ భాష మా ఇంట్లో అందరికంటే నాకే బాగా వచ్చు. కాబట్టి మాట అర్థమైంది. మా దేశం ఏదో మాత్రం అర్థం కాలేదు.

తిరిగొచ్చాక ఒడ్డు పల్లెలో నాన్నకు పని దొరకలేదు. మైసూరు సీమలో చిక్కబళ్ళాపురంలో ఒక బస్సుల సాహుకారు, బండి నడపడమే కాక బాగుచేయడం కూడా తెలిసిన డ్రైవరు కోసం వెతుకుతున్నాడని ఎవరో చెప్పారు. అలా ఒక ట్రంకుపెట్టె, ఒక బర్మా గొడుగు, ఎండుచేపల మూట, మా నాయనమ్మ పొగాకు కట్ట, వీటితో మేము నలుగురం ఈ నేలకు వచ్చిపడ్డాం.

పట్నంలో ఇల్లు దొరకలేదు. దోషం నాయనమ్మది. మేము అడిగిన ఇళ్ళవాళ్ళందరూ మొదట చక్కగానే మాట్లాడేవారు. అంతలో నాయనమ్మ మొలలోంచి చుట్ట తీసి వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని హాయిగా పొగ పీల్చేది. మా ఒడ్డున ఆడవాళ్ళు అడ్డపొగ అలాగే తాగుతారు, అందులో వింతేమీ లేదు. చిక్కబళ్ళాపురం వాళ్ళు మాత్రం గారడీ చూసినట్టు చూసి, ఇల్లు వేరేవాళ్ళకు మాట ఇచ్చేశామని చెప్పేవారు. అంతమంది ఒకే మాట ఎలా ఇచ్చుకున్నారో!

నాన్న బస్సు చింతామణి దోవలో ఒక చిన్న ఊళ్ళో రోజూ ఆగేది. మనుషుల కోసం కాదు, ఇంజను కాగిపోయి నీళ్ళు అడిగేది. దోవ పక్క ఇంటావిడ బిందెతో నీళ్ళిచ్చేది. భర్త లేని మనిషి, కొడుకూ కోడలూ ఉన్నారు. పట్టుపురుగులు పెంచుకుని బతికే ఇల్లు. ఇల్లు దొరక్క నాన్న పడుతున్న అవస్థ విని, మా పక్కగది ఖాళీగా ఉండాది, రాప్పా అందట. ఆవిడే అవ్వ.

మేము సామాను దించిన రోజు వాకిట్లో నిలబడి అవ్వ నాన్నతో అన్న మాటలు నాకింకా గుర్తున్నాయి. "ఒగటే మాటప్పా. నేను పురుగు సాకేదాన్ని. పురుక్కి పొగాకు గాలి సోకిందా, సచ్చిపోతాది. మీయమ్మ చుట్ట తాగల్లంటే ఆ మోటారు దోవలోకి పోయి తాగొచ్చుకోమను."

నాయనమ్మ గడప మీద కూర్చుని అంతా వింది. "పురుగుల కోసం నాను ఈదిలోకెల్లి కూకోవాలేటి! మా ఊర్లో పురుగు కనబడితే సంపుతాం. ఈలు దానికి ఇల్లు కట్టి కూడెడతన్నారు" అంది. అవ్వకు ఆ యాస సగం అర్థం కాలేదు, అదే మంచిదైంది. గొణుక్కుంటూనే నాయనమ్మ పన్నెండేళ్ళు ఆ షరతు పాటించింది. పొద్దుటా సాయంత్రమూ కర్ర పట్టుకుని దోవకెళ్ళి మైలురాయి మీద కూర్చునేది. బస్సుల్లో పోయేవాళ్ళు తల బయటికి పెట్టి చూసేవారు.

ఊరంతటికీ మేము రంగూనోళ్ళం. మా అమ్మ బర్మా గొడుగు వేసుకుని నీళ్ళకు వెళితే, దాని మీది పువ్వుల బొమ్మలు చూడ్డానికి ఆడవాళ్ళు బావి దగ్గర మూగేవారు. ఇంట్లో సముద్రపు ఒడ్డు తెలుగు, బయట ఈ ఊరి తెలుగు, బళ్ళో కన్నడం, కలలో ఇంకా బర్మా మాటలు. పదేళ్ళ పిల్లను, ఇన్నింటి మధ్య నాకు నోరే పెగిలేది కాదు. మొదటి రోజు బళ్ళో మేష్ట్రు మీ ఊరేదమ్మా అని కన్నడంలో అడిగారు. రంగూన్ అన్నాను. పిల్లలు నవ్వారు. భయపడి భీమునిపట్నం అన్నాను. ఇంకా నవ్వారు. ఇంటికొచ్చి పశువుల పాక వెనక ఏడుస్తుంటే అవ్వ చూసింది.

"ఏమాయె పాపా?"

చెప్పాను. మా ఊరేదో నాకు తెలియదని కూడా చెప్పాను.

అవ్వ పేడ చేతులు కడుక్కుంది. "పొద్దున్నే యాడ కండ్లు తెరుస్తాండావో అదే మీ ఊరు. దానికి ఇంత ఏడిసేదేమిటికి? రా, ముద్ద తిందువు."

రాగిముద్ద తినడం నాకు నేర్పింది కూడా అవ్వే. నమలకుండా పులుసులో అద్ది గుటుక్కున మింగాలి. మా ఇంట్లో ఇది పెద్ద అపచారం. నాయనమ్మ బుగ్గలు నొక్కుకుని, "పళ్ళున్నాయి కదే నీకు, పామునాగ మింగడమేటి?" అనేది. నేను రెండిళ్ళలోనూ తినేదాన్ని. ఇక్కడ మింగి, అక్కడ నమిలి.

ఇక అవ్వ తట్టల గది సంగతి. ఎర్రమట్టి గోడలు, పేడతో అలికిన నేల, గుమ్మానికి గోనెపట్టా తెర. లోపల వెదురు నిట్రాళ్ళ మీద అంతస్తులుగా తట్టలు, తట్టల నిండా పురుగులు. నిట్రాళ్ళ కాళ్ళ కింద రాతి గిన్నెలు పెట్టి నీళ్ళు పోసేవారు, చీమలు పైకి పాకకుండా. ఆ గదిలోకి వెళ్ళే ప్రతి మనిషి చేతులూ అవ్వ గుమ్మం దగ్గరే పట్టుకుని వాసన చూసేది. కొడుకైనా సరే. ఉల్లిపాయ తగిలినా వెనక్కి పంపేది. పురుగు పెద్దదయ్యే రోజుల్లో ఆ ఇంట్లో తాలింపు ఉండదు. ఉడికిన బేడల్లో, అంటే పప్పులో, ఉప్పేసుకుని తినేవారు. తడి ఆకు వేస్తే పురుగుకు రోగం వస్తుందని, వాన పడితే, పురుగుకు మేతగా వేసే కంబళి ఆకును ఒక్కొక్కటీ తన చీర కొంగుతో తుడిచేది. "పురుగు నోరు లేనిది. దానికి ఆకలైనప్పుడు మనం ఆకెయ్యల్ల గానీ, మనకు తీరినప్పుడు కాదు" అనేది. తన అన్నం మాత్రం ఎప్పుడు తీరితే అప్పుడు నిలబడే తినేసేది.

ఒకసారి కోడలు కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. చేతులు చాలక అవ్వ నన్ను పిలిచింది. నా చేతులు రెండూ పట్టి, అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు అన్నీ వాసన చూసి లోపలికి రానిచ్చింది. ఆ ఊరి పిల్లలెవరికీ దక్కని మర్యాద అది. నా పని రాతి గిన్నెల్లో నీళ్ళు తగ్గకుండా చూడటం. అంతే. నాకు మాత్రం రాజ్యమిచ్చినట్టుండేది. బళ్ళో నన్ను రంగూన్ అని ఎక్కిరించే పిల్లలకు, నేను అవ్వ తట్టల గదిలోకి పోతానని చెప్పుకుని తిరిగేదాన్ని.

పురుగు కుబుసం విడవడానికి మేత మానేసి పడుకుంటే ఇక్కడివాళ్ళు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే ఇక వారం రోజులు తినడమే తినడం, ఆ పైన గూడు కడుతుంది. నాలుగో జ్వరం లేచిన మూడో రోజు. ఆ పంట మీద అవ్వ పెద్ద ఆశే పెట్టుకుంది. ఈ గూళ్ళు అమ్మితే తట్టల గదికి బోదగడ్డి కప్పు తీసి పెంకు వేయించాలని. ఆ పొద్దు నాన్న బస్సు మా ఊళ్ళోనే చెడిపోయి నిలబడింది. నాన్న ఇంజను కింద దూరి పనిముట్లు అడుగుతుంటే అందిస్తూ, పిల్లలందరి ముందూ గొప్పగా మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయాను. గిన్నెలు ఎండిపోయాయి.

గదిలోకి వెళ్ళేసరికి ఒక నిట్రాడి మీదుగా చీమల బారు పైకి పాకుతోంది. అవ్వ ఆకు తోటలో ఉంది. పిలవాలి కదా? పిలవలేదు. రంగూన్‌లో బియ్యం డబ్బాకు చీమ పడితే నాయనమ్మ ఏం చేసేదో గుర్తొచ్చింది. పొగాకు నలిపి నీళ్ళలో పిసికి చుట్టూ పోసేది. అరగంటలో ఒక్క చీమ ఉండేది కాదు. నేను పరుగెత్తి ఆమె కట్టలోంచి రెండాకులు లాగి, చెంబులో పిసికి, ఆ నీళ్ళు గిన్నెల్లో పోసి, గుడ్డ ముంచి తట్టల అంచులన్నీ తుడిచాను. చీమలు పోయాయి. చేతులు బూడిదతో రుద్దుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ సాయంత్రం నేను చాలా గర్వపడ్డాను. మా ఇంటి విద్య వీళ్ళ ఇంటికి పనికొచ్చింది కదా అని!

పొగాకు గురించి అవ్వ మొదటి రోజే చెప్పింది కదా అని మీరడగచ్చు. పొగ తాగితే ప్రమాదమని విన్నాను. ఆకు నీళ్ళకు పొగ లేదు కదా అనుకున్నాను. పదేళ్ళ బుర్ర.

మర్నాడు పొద్దున అవ్వ తెర ఎత్తి అలాగే నిలబడిపోయింది. నేను ఆమె పక్కనుంచి తొంగి చూశాను. ఆ వరస తట్టలన్నిటిలో పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోటి నుంచి గోధుమరంగు నీరు కారుతోంది. కొన్ని అప్పటికే ముడుచుకుని సగమైపోయాయి. వేసిన ఆకు వేసినట్టే ఉంది. అవ్వ అరవలేదు. వెనక్కి తిరిగి అలవాటు ప్రకారం నా చేతులు పట్టుకుని వాసన చూసింది. వదిలేసి, "బడికి పో పాపా" అంది. అంతే.

మధ్యాహ్నానికి మిగిలిన తట్టలకూ పాకింది. సాయంత్రం ఊరి పెద్దలు నలుగురు వాకిట్లోకి వచ్చారు. ఆ గదిలో పొగాకు వాసన ఎవరికైనా తెలుస్తుంది. ఊళ్ళో పొగాకు ఎవరింట్లో ఉందో కూడా తెలుసు. "ఆ ముసలామె పని ఇది. రంగూనోళ్ళను పంపించెయ్యి" అన్నారు. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మ లోపల ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడు నాకు వినిపించింది. ఎవరూ పొమ్మనకముందే సర్దుకోవడం మా అమ్మకు రంగూన్‌లో అలవాటైంది.

అప్పుడు నాయనమ్మ లేచింది. తన కట్టలో ఆకు తగ్గిందని ఆమెకు తెలుసు. ఎవరు తీశారో నా మొహం చూస్తే తెలిసిపోతుంది. "నాను ముసిల్దాన్ని బాబూ, మతి నేదు. సుట్ట సేత్తోనే లోనికెల్లుంటాను. తప్పైపోనాది" అంది, చేతులు జోడించి. ఎవరికీ ఏనాడూ తల వంచని మనిషి.

నేను లేచి, కాదు నేనే అనాలి. అనలేదు. అన్నానంటే మళ్ళీ ఓడ, మళ్ళీ ఏదో ఊరు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు వచ్చాయి నాకు. ఆ ఒక్క సాయంత్రానికి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

అవ్వ అంతవరకూ అరుగు మీద కూర్చుని ఉంది. "ఆయమ్మ లోపలికి రాలా. నిన్న తడాకు ఏసినా నేను. తడాకు తిని పురుగు సచ్చింది. తప్పు నాది" అంది.

"పొగాకు వాసన మాకే కొడతాండాదే!" అన్నాడొక పెద్దమనిషి.

"కొడతే కొట్టనీ. పురుగు నాది, పోగొట్టుకున్నేది నేను, మీరేమిటికి ముక్కు చెడుపుకునేది? పరాయోళ్ళను తరమల్లంటారు. నేను సాకే పురుగు గుడ్లు యాడివి? మాగడి తట్టు నుంచి రాలేదా? నా తోట ఆకు తిని నా ఇంట్లో గూడు కట్లేదా? అప్పుడెవురూ అడగలా, ఇది ఏ ఊరి పురుగని. పోండప్పా, పొద్దు పోయింది."

వాళ్ళు సణుక్కుంటూ వెళ్ళిపోయారు. చచ్చిన పురుగులను అవ్వా కొడుకూ దిబ్బలో పూడ్చారు. తట్టలు, నిట్రాళ్ళు, గిన్నెలు వారం రోజులు ఎండలో పెట్టి పేడనీళ్ళతో కడిగారు. పెంకు ఆ సంవత్సరం పడలేదు. వానాకాలమంతా ఆ గది కారింది. కారిన చోటల్లా నేను కుండలు పెట్టేదాన్ని. నన్నెవరూ పెట్టమనలేదు.

ఇక నన్నా గదిలోకి పిలవరనుకున్నాను. అటువైపు చూడటమే మానేశాను. తర్వాతి పంటకు గుడ్లు తెచ్చిన రోజు, బడి నుంచి వస్తుంటే అవ్వ తెర ఎత్తి పట్టుకుని కేకేసింది. "పాపా, గిన్నెల్లో నీళ్ళు ఎవురు పోస్తారు? రా బిరబిర!" అదే పని. వేరే చిన్న పనీ కాదు, పెద్ద పనీ కాదు. చేతులు చాపాను. వాసన చూసింది. పంపించింది. గిన్నెల్లో నీళ్ళకంటే నా కన్నీళ్ళే ఎక్కువ పడ్డాయి ఆ రోజు.

టీచరు ట్రైనింగుకు వెళ్ళబోయే ముందు, నాకు పదిహేడేళ్ళప్పుడు, ధైర్యం చేసి చెప్పేశాను. అవ్వ ఆకు తరుగుతూ ఉంది. కత్తి ఆపలేదు.

"నాకి తెలుసులే. ఆ పొద్దే నీ చేతుల్లో బూడిద కింద ఉన్నింది వాసన."

"మరి నన్నెందుకు అడగలేదవ్వా?"

"అడిగింటే నువ్వు అబద్దం చెప్పింటావు. పిల్లదానివి, భయం. అబద్దం చెప్పినాక ఇంగ నా ఇంట్లోకి వచ్చేకి నీకి మొగం ఉండదు. ఒగ పంట పోతే ఇంగో పంట వస్తాది. అందుకే అడగలా." ఇంకో గుప్పెడు ఆకు కత్తి కిందికి తోసి, "మీ నాయినమ్మ గూడా తెలిసే పైనేసుకునింది. మేమిద్దరం ఆ మాట ఎత్తుకోలేదు" అంది.

ఇద్దరు ముసలమ్మలూ ఒకరి మాట ఒకరికి సరిగా తెలియకుండా, ఒకే పిల్లను ఇన్నేళ్ళు అలా దాచారు. నాయనమ్మకు చెప్పుకుని ఏడిస్తే, "ఊరుకోయే, రెండాకుల కోసం ఇంత రాగమేటి" అని తీసిపారేసింది.

యుద్ధం వచ్చాక పట్టుకు గిరాకీ పెరిగింది. ఆ పట్టుతో గొడుగుల్లాంటివి కుట్టి, అవి కట్టుకుని సోల్జర్లు విమానంలోంచి దూకుతారని నాన్న చెబితే అవ్వ నమ్మలేదు. "ఇంత తెలివైనోళ్ళు దిగేకి నిచ్చెన చేసుకోలేకపొయినారా?" అని అడిగింది. అప్పటికి పెంకు పడింది. అదే రోజుల్లో నాయనమ్మ పోయింది. మా వాళ్ళంటూ ఎవరూ లేని ఊళ్ళో శవాన్ని మోయడానికి అవ్వ కొడుకే ముందు భుజం పట్టాడు. అవ్వ తన చేత్తో ఒక చుట్ట తెచ్చి నాయనమ్మ గుప్పిట్లో పెట్టింది. జన్మలో పొగాకు ముట్టని మనిషి. ఆ తర్వాత తలారా పోసుకుని, మూడు రోజులు తట్టల గది గడప తొక్కలేదు, చేతులకు ఇంకా ఉంటుందేమోనని.

తర్వాత నాన్న బస్సు బాగేపల్లిలో రాత్రి ఆగే ఏర్పాటై, అమ్మా నాన్నా అక్కడికి మారారు. నేను చింతామణిలో బడికి చేరాను. సెలవొస్తే నేను దిగేది మాత్రం మధ్యలో, అవ్వ ఊళ్ళోనే. దిగగానే, "ఏమి పాపా, ఇంత బక్కగైపొయినావు, మీ బళ్ళో కూడెయ్యరా?" అనేది. నేను లావెక్కిన ఏడాది కూడా అదే మాట.

ఆ రోజు బస్సు దిగి వాకిట్లోకి పరుగెత్తాను. అవ్వను చావడిలో పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. కోడలు నన్ను చూసి లేచింది. నాకు అక్క లాంటిది, మేమిద్దరం ఒకే తట్ట మీద ఆకులేసినవాళ్ళం. నేను చేతులు చాచి ఆమె మీద పడబోయాను.

ఆమె చటుక్కున వెనక్కి జరిగింది. "ముట్టుకోవద్దు పాపా! మమ్మల్ని ఎవుర్నీ ముట్టుకోవద్దు!"

నేను చాచిన చేతులతో అలాగే నిలబడిపోయాను. వాకిలంతా నన్నే చూస్తోంది. ఎన్నో ఏళ్ళ కిందట మేడ మీద బియ్యం బస్తాల వెనక పట్టిన చలి లాంటిది ఒళ్ళంతా పాకింది. ఇన్నేళ్ళ తర్వాత, ఈ వాకిట్లో కూడానా?

ఆమె ఏడుపు దిగమింగి చెప్పింది. "పురుగు నాలుగో జ్వరం లేసి రెండో పొద్దు. మా అందరికీ మైల. ఈ వీధంతా దాయాదులే, పదకొండు పొద్దులు ఎవురూ గదిలోకి పోకూడదు. కూలోళ్ళు ఆకు కోసిస్తారు గానీ వాళ్ళకు పని తెలీదు. అవ్వ నెల్లాళ్ళుగా చెప్తానే ఉన్నింది. నేను పురుగు ఉండంగానే పోతే పాపను పిలిపించండి, దానికి మైల లేదు, పని తెలుసు అని. మమ్మల్ని ముట్టుకుంటే నీకి గూడా అంటుతాది. పురుగు పొద్దున్నించీ పస్తుండాది పాపా."

నాకు మైల లేదు. ఆ మాట నన్ను ఎక్కడ తాకిందో ఎలా చెప్పను? మైల లేదంటే నేను ఆ ఇంటి మనిషిని కాదు. ఆమె రక్తం కాదు, గోత్రం కాదు. ఏడవడానికి కూడా ఆ ఆడవాళ్ళ పక్కన నాకు చోటు లేదు. ఆ ఇంటి మనిషిని కాదు గనుకే ఆ ఇంట్లో అవ్వ ప్రాణం పెట్టిన గదిలోకి ఆ రోజు వెళ్ళగలిగింది నేనొక్కదాన్నే. ఒకప్పుడు ఆ గదిని చేతులారా చంపినదాన్ని. అవ్వకు అది తెలుసు. తెలిసే నన్ను పిలిపించమంది.

దూరం నుంచే అవ్వ మొహం చూశాను. బావి దగ్గర స్నానం చేసి, పొడి చీర కట్టుకుని, తెర ఎత్తుకుని లోపలికి వెళ్ళాను. అలవాటుగా గుమ్మం దగ్గర చేతులు చాపాను. వాసన చూసేవాళ్ళు లేరు. నేనే చూసుకున్నాను.

పాడె లేచినప్పుడు నేను రెండో వరస తట్టలకు ఆకు వేస్తున్నాను. బయట ఏడుపు ఒక్కసారి పెరిగి, వాకిలి దాటి, దోవలోకి మళ్ళి, తగ్గిపోయింది. వెళ్ళాలనిపించింది. ఇంకా ఆరు తట్టలకు ఆకు పడలేదు. ఏడుపొస్తే కన్నీళ్ళు ఆకు మీద పడతాయి, తడాకు పురుగుకు కాదు. అందుకని ఏడవలేదు. ఆ పది రోజులూ ఏడవలేదు. కోడలు అన్నం కంచం గడప అవతల పెట్టి దూరంగా జరిగి నిలబడేది. నేను తీసుకునేదాన్ని. పురుగులు పండాయి. ఒక్కొక్కటీ ఏరి గూడు కట్టే చంద్రికల మీద వదిలాను. వంచిన వెదురు చుట్ల మీద అవి దారం తీసుకుంటూ తమలోకి తాము వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

పదకొండో రోజు ఇంటిల్లిపాదీ తలంటి పోసుకున్నారు. కోడలు తడి జుట్టుతోనే గదిలోకి వచ్చింది. చంద్రికల నిండా పసుపుపచ్చ గూళ్ళు. ఆమె వాటి వంక చూడలేదు. నేరుగా వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె జుట్టులోంచి నీళ్ళు నా భుజం మీద కారుతున్నాయి.

"ఇంగ ఏడువు పాపా," అంది.